ఇరవై ఆరో చుక్క

రోత అంటే తెలియనిదాన్ని కాదు. కొర్రమీనును బూడిదలో పట్టి రాతి మీద తోమినదాన్ని. మృగశిర నాడు చేపల బజారులో కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని ఆ నీళ్లలోనే నిలబడి బేరమాడినదాన్ని. ముగ్గురు పిల్లల పొత్తిగుడ్డలు, మంచాన పడ్డ అత్తగారి గుడ్డలు ఈ చేతులతోనే ఉతికాను. అయినా సరే, గంగాధరరావు సారు ఇంట్లో ఆ ఉప్పునీళ్ల చేపల తొట్టి కిందికి చెయ్యి పెట్టి నురగ గిన్నె బయటికి తీసిన ప్రతిసారీ నా కడుపులోది గొంతులోకి వచ్చేది.

ఆ గిన్నె సంగతి చెప్పాలి. తొట్టి కింద గొట్టం లాంటి యంత్రం ఒకటి ఎప్పుడూ బుడబుడమంటూ నీళ్లను చిలుకుతుంటుంది. చేపల పెంట, తినగా మిగిలిన తిండి కుళ్లు, అంతా నురగై పైకి లేచి ఆ గిన్నెలోకి చేరి నల్లగా దిగుతుంది. మురిగిన గుడ్డు వాసనా కాదు, మోరీ కాల్వ వాసనా కాదు. రెండింటినీ ఉప్పులో ఊరేసి వారం రోజులు మూత పెడితే ఎలా ఉంటుందో అలా. ఒకసారి నా చీర అంచు మీద రెండు చుక్కలు పడ్డాయి. ఇంటికి వెళ్లేటప్పుడు నాచారం ఆటోలో నా పక్కన కూర్చున్న పిల్ల ముక్కు మూసుకుని డ్రైవర్ పక్కకు మారి కూర్చుంది. దాన్ని తప్పు పట్టలేదు. వీలైతే నేనూ నా పక్క నుంచి లేచి వెళ్లిపోయేదాన్ని.

మరి ఎందుకు వెళ్లావు అంటారు. సారు భార్య తారామణి మేడం పిలిచింది కాబట్టి వెళ్లాను. ఉప్పల్ దగ్గర పెద్ద ల్యాబులో ముప్పై ఒక్క ఏళ్లు గాజు సామాను కడిగాను నేను. చదువు నాలుగో తరగతి. కానీ ఏ సీసా ఏ పనికో, ఏది వేడినీళ్లతో కడగాలో, ఏది ముట్టుకోకూడదో నా చేతులకు తెలుసు. గంగాధరరావు సారు ఆ ల్యాబులో నీళ్లు పరీక్ష చేసే విభాగానికి పెద్ద. కాకినాడ మనిషి. రిటైరయ్యాక ఉప్పల్‌లోనే ఇల్లు కట్టుకుని, ముందుగదిలో గోడంత పొడుగు తొట్టి పెట్టించి, అందులో సముద్రాన్ని పెంచడం మొదలుపెట్టాడు. తొమ్మిదేళ్లయింది. ఈ ఏడు ఆయనకు నడుం వంగడం మానేసింది.

"ఇంకెవర్నీ దాని దగ్గరకి రానివ్వడు శ్యామలమ్మా. నువ్వైతే గాజు పగలగొట్టవని ఆయన నమ్మకం. వారానికి మూడు రోజులు వచ్చిపో, నాకూ తోడుంటావు" అంది మేడం ఫోన్లో.

మా ఉపేందర్ మల్లాపూర్ ఫ్యాక్టరీ నుంచి వచ్చి చెప్పులు విడుస్తూనే అందుకున్నాడు. "ఏందమ్మా, రిటైరై పన్నెండేండ్లాయె. ఇంకా ఆ సారు సీసలు కడుగుడేనా?"

కోడలు త్రివేణి ఇంకా నయం. గుమ్మంలోనే తువ్వాలు అందించేది. "అత్తమ్మా, ముందుగాల తానం జెయ్యున్రి. మీ మీదికెళ్లి సముద్రం వాసనొస్తుంది."

"సముద్రం నువ్వెప్పుడు సూసినవే?"

"ఇప్పుడు జూస్తున్న గద, కొంగు కట్టుకొని నిలబడ్డది."

ఆ తొట్టిలో అందం లేదనను. పచ్చటి చేపలు రెండు, ఊగే చిగుళ్ల లాంటి జీవాలు కొన్ని. కానీ దగ్గరికి పోతే అన్నీ జిగురు. గాజు మీద నత్తలు పాకిన చోటల్లా చీమిడి గీతలు. రాయి కదిపితే వేలెడంత పురుగు, ఒళ్లంతా ముళ్లతో, మెల్లగా ముడుచుకుని లోపలికి పోతుంది. "అవి కుళ్లు తిని శుభ్రం చేస్తాయి శ్యామలా" అనేవాడు సారు, మనవడిని మెచ్చుకున్నట్టు. శుభ్రం చేసేది అదైతే మరి ప్లాస్టిక్ తొడుగులేసుకుని నేనెందుకు వచ్చానో అర్థమయ్యేది కాదు.

సారు ప్రాణం మాత్రం మధ్యలో ఉన్న పగడం మీద ఉండేది. మనిషి మెదడులా మెలికలు మెలికలుగా ఉంటుంది. బయటి దేశంలో పెంచిన ముక్కట, అనుమతి కాగితాలతో సహా వచ్చినప్పుడు బొటనవేలంత ఉండేదట. ఇప్పుడు అన్నం పళ్లెమంత. "దీన్ని నేను కొనలేదు, పెంచాను" అనేవాడు. అది బాగున్నప్పుడు మెత్తటి కండ ఉబ్బి మెలికలన్నీ నిండుగా కనిపించేవి. నేను వెళ్లడం మొదలుపెట్టేసరికే ఒక పక్క కండ తగ్గి, లోపలి తెల్లటి ఎముక బయటపడుతోంది. చిగుళ్లు వదులై పళ్ల మొదళ్లు కనిపించిన నోరు చూశారా? అలా. చూస్తే చెయ్యి పెట్టబుద్ధి కాదు. ఆ పక్క నుంచి సన్నటి బూడిదరంగు చీము లాంటిది నీళ్లలోకి జారేది.

అది చచ్చిపోతోందని నాకు తెలుసు, మేడానికి తెలుసు, సారుకు తెలుసు. ఎందుకు చస్తోందో మాత్రం ఎవరికీ తెలియదు.

దాంతోపాటు ఇంకొకటి. నీళ్లు వేడిచేసే కడ్డీకీ, నీళ్లు తిప్పే మోటార్లకూ తెల్లటి పెచ్చు కట్టేది. మా నాచారం బోరు నీళ్లకు బకెట్లకు కట్టే పెచ్చు లాంటిదే, కానీ వారానికే గోరు మందం. సిర్కాలో, అదే వెనిగర్‌లో, నానబెట్టి గీకలేక నా వేళ్లు పగిలాయి. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"సారు, ఇంత సున్నం ఎందుకు కడ్తున్నది?"

సారుకు అడిగితే చాలు, మళ్లీ ల్యాబు మొదలవుతుంది. "చూడు శ్యామలా, పగడానికి ఎముక కట్టుకోవడానికి సున్నం కావాలి, సోడా కావాలి. రెండూ నీళ్లలో కరిగి ఉండాలి. కానీ ఆ రెండూ కలిశాయంటే గడ్డకట్టి కూర్చుంటాయి. వాటి మధ్య ఒక పెద్దమనిషి నిలబడి కలవకుండా చూస్తాడు. వాడి పేరు మెగ్నీషియం."

"మరి గడ్డ కడ్తనే ఉన్నది గద సారు. పెద్దమనిషి ఊర్ల లేడేమో."

"ఉన్నాడు. పదమూడు వందల అరవై. సముద్రంలో ఎంత ఉండాలో అంత. ప్రతి శనివారం నేనే చూస్తున్నాను కదా." రిజిస్టరు తీసి చూపించాడు. వరసగా 1360, 1360, 1360. "పెద్దమనిషి సరిగ్గానే ఉన్నాడు. సున్నమే చాలడం లేదు." అని సున్నం నీళ్లూ సోడా నీళ్లూ ఇంకాస్త పెంచి పోశాడు. మర్నాటికి తొట్టి అంతా పలచటి మజ్జిగలా తెల్లబడింది. నా పెచ్చులు రెట్టింపయ్యాయి.

ఆ శనివారం పొద్దున సారు ఆ మెగ్నీషియం పరీక్ష చేస్తుంటే మొదటిసారి దగ్గర నిలబడి చూశాను. చిన్న గాజు గొట్టంలో తొట్టి నీళ్లు, అందులో ఒక పొడి. నీళ్లు బీట్‌రూట్ ఉడికించిన రంగుకు వచ్చాయి. నాకు నవ్వొచ్చింది. ఇది నాకు తెలిసిన పరీక్షే! బావి నీళ్ల కరుకుదనం చూడటానికి ల్యాబులో రోజూ చేసేదే. పైనుంచి మందు చుక్కలు చుక్కలుగా వేస్తారు. ఎరుపు పోయి నీలం వచ్చిన చుక్క దగ్గర ఆపి లెక్కపెడతారు. వేల సీసాలలో ఆ నీలాన్ని ఒలకబోసి కడిగినదాన్ని. సారు కొన్న ఈ పరీక్ష పెట్టెలో మందుకైతే ఒక్కో చుక్కను నలభైగా లెక్కేయాలట.

సారు వేస్తున్నాడు, నేను మనసులో లెక్కపెడుతున్నాను. ఇరవై నాలుగు, ఇరవై ఐదు, కొంచెం ఊదా. ఇరవై ఆరు. నీలం. ఇంకు సీసా నీలం. సారు ఆగుతాడని చూశాను.

ఇరవై ఏడు. ఇరవై ఎనిమిది.

ఏదో నాకు తెలియని కొత్త పద్ధతి కాబోలు అనుకున్నాను. ముప్పై నాలుగు దాకా, అంటే సరిగ్గా 1360 దాకా వేసి, గొట్టం కిటికీ వైపు ఎత్తి, "అదిగో, చూశావా ఎంత చక్కగా మారిందో?" అన్నాడు.

"మారింది సారు" అన్నాను.

ముప్పై ఒక్క ఏళ్ల అలవాటు. ల్యాబులో గాజు కడిగే మనిషి నోరు విప్పదు. పెద్ద సారు ఏ అంకె చెబితే చిన్న సార్లు ఆ అంకె రాస్తారు, మేము సీసా కడుగుతాం. పై శనివారం కూడా ఇరవై ఆరుకే నీలం, ముప్పై నాలుగు దాకా చుక్కలు, మళ్లీ నా నోట "మారింది సారు". ఆ రోజు ఇంటికి వచ్చి పుక్కిలించాను. నురగ గిన్నె నోట్లోకి ఒంపుకున్నట్టే ఉంది. ఆ పైవారం మేడం వంటింట్లో ఉంది, నేనొక్కదాన్నే పక్కన ఉన్నాను. అయినా చెప్పలేదు. ఛీ, ఏం నోరు నాది!

నాకు ఎందుకు అంత రోత పుట్టిందంటే, వంశీకృష్ణ గుర్తొచ్చాడు. అప్పట్లో సారు కింద చేరిన కుర్ర ఆఫీసరు. ఒక వానాకాలం ఊళ్ల నుంచి యాభై బావుల నీళ్లు వచ్చాయి. రెండు రోజుల్లో యాభై అంకెలు రాసి ఇచ్చాడు. సారు ఆ కాగితం పట్టుకుని నేరుగా నా దగ్గరికి వచ్చాడు, అందరి ముందే. "శ్యామలా, నిన్నా మొన్నా ఈ పరీక్షవి ఎన్ని ఫ్లాస్కులు కడిగావు?" "ఆరు సారు" అన్నాను. ఉన్నదే చెప్పాను. సారు కాగితం నాలుగు ముక్కలు చేసి, "చూడకుండా రాసిన అంకె కంటే ఉమ్మి నయమయ్యా. ఛీ!" అన్నాడు. ఆ "ఛీ" ఇప్పటికీ నా చెవిలో ఉంది. ఎంత శుభ్రమైన ఛీ అది! ఆ మనిషి ఇప్పుడు చేస్తున్నది ఇదేం పని?

అంతు పట్టింది ఒక బుధవారం. కొత్త చీర కట్టుకుని వెళ్లాను, ముదురు నీలం, మా త్రివేణి బతుకమ్మకు పెట్టింది. తలుపు తీసిన సారు, "ఆకుపచ్చ చీర బాగుంది శ్యామలా" అన్నాడు.

నేను అక్కడే నిలబడిపోయాను. మా అత్తగారు కళ్ల ముందుకు వచ్చింది. అప్పట్లో రేషను గాసునూనె, అదే కిరోసిన్, నీలంగా వచ్చేది. ఒకనాడు అత్తగారు ఆ సీసా నీళ్లదనుకుని పప్పులో పోసింది. ఇంటిల్లిపాదీ కక్కి కక్కి పడ్డాం. "నీలం గదనే అత్తా, కనబడలేదా?" అని అడిగితే, "నీలమేడిదే, తెల్లగనే ఉన్నది" అని నా మీదే ఎగిరింది. అంబర్‌పేట్‌లో కంటి శిబిరం పెడితే తీసుకుపోయాం. మోతిబిందు అన్నారు, కంట్లో శుక్లం. ముదిరితే పసుపు గాజు పెట్టుకుని చూసినట్టు ఉంటుందట, నీలాలన్నీ అందులో మునిగిపోతాయట.

అదే రోజు సారు మేడాన్ని స్కూటర్ వెనక ఎక్కించుకుని, మెట్రో స్తంభాల మధ్య నుంచి ఉప్పల్ రింగురోడ్డు దాటి కూరగాయలకు వెళ్లాడు. వాళ్లు తిరిగొచ్చేదాకా నేను గేటు వదలలేదు.

మేడాన్ని వంటింట్లో పట్టుకున్నాను. "మేడం, సారుకు కండ్లు సూపించిన్రా?"

"అయ్యో, ఆ మాట ఎత్తితే ఇల్లు పీకి పందిరేస్తాడు శ్యామలమ్మా. నా కళ్లకేం, సూదిలో దారం ఎక్కిస్తాను చూడు అంటాడు. ఎక్కిస్తాడు కూడానూ, పది నిమిషాలకి."

"పగడం సచ్చేది గందుకే మేడం. నీలమొచ్చినా సారుకు కనబడుతలేదు, చుక్కలు ఎక్కువేసి తప్పు అంకె రాస్తున్నడు" అన్నాను. ఆమె గరిటె కింద పెట్టి నా వైపు చూసింది.

శనివారం వచ్చింది. ముందుగా పగడం పక్కన పాచి తీయమన్నాడు సారు. మెత్తటి కుంచెతో అలా తాకానో లేదో, గోరంత కండ ఊడి కుంచెకు అంటుకుని వచ్చింది. కుళ్లిన గుడ్డు తెల్లసొనలా సాగింది. నేను కుంచె సారు ముఖం ముందు పెట్టలేదు. పెట్టాల్సింది. చేతులు మూడుసార్లు సబ్బుతో కడుక్కుని బల్ల దగ్గరికి వచ్చాను. ఇక ఆ రోజు "మారింది సారు" అనే మాట నా నోట రాకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

"సారు, ల్యాబుల మీరు పక్కకు ఇంకొకటి పెట్టుకునేటోళ్లు, చుక్కలెయ్యనిది, రంగు పోల్చనీకి. ఇయ్యాల గట్ల పెడ్దాం."

సారుకు అది నచ్చింది. "భలే గుర్తుంచుకున్నావే!" రెండు గొట్టాలు, రెండింట్లో బీట్‌రూట్ రంగు. ఒకదానిలో చుక్కలు మొదలయ్యాయి. మేడం టీవీ ఆపేసి వచ్చి కూర్చుంది. ఇరవై నాలుగు. ఇరవై ఐదు. ఇరవై ఆరు.

"ఆగున్రి సారు."

"ఏం?"

"నీలమొచ్చింది."

"ఎక్కడ? ఇంకా బోలెడుంది." ఇరవై ఏడో చుక్కకు చెయ్యి లేపాడు. నేను ఆ చెయ్యి పట్టుకున్నాను. ముప్పై ఒక్క ఏళ్లలో ఎప్పుడూ చేయని పని.

"ఏవండీ, అది నీలమేనండీ" అంది మేడం మెల్లగా.

సారు ముఖం ఎర్రబడింది. "నువ్వూనా! నీకు టమాటాల్లో పచ్చివేవో పండినవేవో తెలీదు, రంగు మారే ఎండ్ పాయింటు నాకు చెబుతున్నావా? ముప్పై అయిదేళ్లు నేను..."

"కోపమెందుకు సారు" అని రెండు గొట్టాలూ కొంగు చాటుకు తీసుకుని, అటూ ఇటూ మార్చి, ఆయన ముందు పెట్టాను. "ఇగో. వీటిల్ల చుక్కలేసింది ఏదో జర జెప్పున్రి."

సారు వంగాడు. కిటికీ దగ్గరికి తీసుకెళ్లాడు. కళ్లద్దాలు తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. ఒకటి ఎరుపు, ఒకటి నీలం. చిన్నపిల్లకు చూపించినా చెబుతుంది. చివరికి ఒకదాన్ని ముందుకు జరిపాడు.

ఎర్రటిదాన్ని.

మేడం నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆమె ముఖం చూసి సారుకు అర్థమైపోయింది.

నాకు జాలి కలిగింది. కానీ రోత ఇంకా మిగిలే ఉంది, అది అడగనిదే పోదు. "మరి కనబడకపోతే ముప్పై నాలుగు కాడ ఎందుకు ఆగిన్రు సారు? ముప్పైకాడ ఆగచ్చు, నలభైకాడ ఆగచ్చు. ప్రతిసారి ముప్పై నాలుగే?"

సారు కుర్చీలో కూర్చుని రిజిస్టరు దగ్గరికి లాక్కున్నాడు. ఆరు నెలల 1360లు. వాటి మీద వేలు పెట్టి పై నుంచి కిందికి గీసుకుంటూ వచ్చాడు.

"అక్కడ ఆగాలి కాబట్టి ఆగాను" అన్నాడు. "అక్కడికి రంగు మారినట్టే అనిపించేది. మారాలనుకున్నాను, మారింది." నా వైపు చూడకుండా, "వంశీకృష్ణ ఇప్పుడెక్కడున్నాడో?" అన్నాడు.

"తెల్వదు సారు."

"ఛీ" అన్నాడు సారు. అదే ఛీ. ఈసారి దాన్ని ఎవరి మీదా వేయలేదు, తన ఒళ్లోనే వేసుకున్నాడు. తర్వాత కలం తీసి, "ఎన్ని అన్నావ్?"

"ఇరవై ఆరు."

"వెయ్యీ నలభై. మూడు వందల ఇరవై తక్కువ." కలం నా వైపు తోశాడు. "అంకెలు వచ్చుగా? రాయి. నువ్వు చూసింది నువ్వే రాయి."

అంకెలు వచ్చు. 1040 అని రాశాను. సున్నా కొంచెం వంకరపోయింది.

ఆ రోజు నుంచి సున్నం నీళ్లూ సోడా నీళ్లూ ఆపేశాం. మెగ్నీషియం పెంచే తెల్లటి పలుకుల మందు ఒకటి, దానికి తోడు కాస్త ఇంకో ఉప్పు, మంచినీళ్లలో కరిగించి రోజూ పొద్దున కొంచెం కొంచెంగా పోయాలి. రోజుకు ఎనభైకి మించి పెరగకూడదట, పెరిగితే జీవాలు తట్టుకోలేవట. ఆ ఇంకో ఉప్పు చేతిలోకి తీసుకోగానే గుర్తుపట్టాను.

"సారు, ఇది భేది ఉప్పు గద! చిన్నప్పుడు మా నాయన బలవంతంగా తాపిస్తే దినమంతా చెంబు పట్టుకొని ఉరికినం."

"అదే. అందులోనూ మెగ్నీషియమే."

"పగడానికి భేదులు పట్టిస్తున్నమన్నట్టు. ఇంకా ఏమేం కడగాలెనో నేను!"

మేడం చాలా రోజుల తర్వాత గట్టిగా నవ్వింది. నాలుగు రోజులు వరసగా వెళ్లాను. ఇరవై ఎనిమిది, ముప్పై, ముప్పై రెండు, ముప్పై నాలుగు. ముప్పై నాలుగో చుక్కకు నిజంగా నీలం వచ్చిన రోజు నేను రాసిన అంకె కింద సారు చిన్నగా సంతకం పెట్టాడు. మర్నాడే కంటి దవాఖానాకు పోయాడు, మేడాన్ని వెంటబెట్టుకుని, ఆటోలో.

ఒక కంటికి ఆపరేషన్ అయ్యాక ఇంకో కంటికి, మొత్తం నెల పట్టింది. అన్నాళ్లూ చుక్కలు నేనే వేశాను, అంకె నేనే రాశాను. కడ్డీకి పెచ్చు కట్టడం తగ్గింది. పగడం కుళ్లిన పక్క ఇంక పాకలేదు. ఊడిన కండ తిరిగి రాలేదు కానీ, దాని అంచున సన్నటి దారంలా కొత్త కండ ఉబ్బడం మొదలైంది. చూడటానికి అదీ చీముపొక్కులాగే ఉంది, అబద్ధమెందుకు.

నల్లద్దాలు తీసిన రోజు సారు తలుపు దగ్గరే నన్ను చూసి ఆగాడు. "ఈ చీర... మొదట్నుంచీ నీలమేనా?"

"కొన్నప్పటి సంది నీలమే సారు."

ముందుగదిలోకి వచ్చాడు. పగడం దగ్గరికి పరుగెత్తుతాడనుకున్నాం. తొట్టి ముందు నిలబడి, ముఖం అటూ ఇటూ తిప్పి, ముక్కు చిట్లించాడు.

"ఛీ ఛీ! ఏంటీ రోత? గాజు మీద ఈ చీమిడేంటి? ఆ మూల నల్లగా పేరుకున్నదేంటి? అమ్మో, ఆ పురుగు! తారా, దీన్ని ఎదురుగా పెట్టుకునా మనం అన్నం తిన్నది?"

"తొమ్మిదేళ్లుగా" అంది మేడం.

వంగి, తొట్టి కింద నుంచి నురగ గిన్నె తనే బయటికి తీశాడు. నడుం కలుక్కుమంది కానీ తీశాడు. లోపలికి చూశాడు. నల్లటి గుజ్జు, అందులో ఏవో వెంట్రుకల లాంటివి, అంచున పాకుతున్న సన్నటి తెల్ల పురుగులు. సారు గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది. నాకు బాగా తెలిసిన శబ్దం.

"ఇదా... ఇదా నువ్వు రోజు విడిచి రోజు కడుగుతున్నది?"

"ఇదే సారు."

సారు నా వైపు గిన్నె చాపాడు, అలవాటుగా. నా చెయ్యి కూడా లేచింది, అలవాటుగా. సగంలో ఆపేసి, కొంగు నడుముకు దోపుకుని, పంపు తిప్పాను.

"వేడినీళ్లు వద్దు సారు, కంపు ఇంకా లేస్తది. సన్నీళ్లతోని, వేలు పెట్టి, అంచు కింద తోమున్రి. ఆఁ, గట్ల. ఊపిరి నోటితోని తీసుకోవాలె."